డాక్టరు విలియం కింగుగారు

కింగుగారు భూశాస్త్రాచార్యుని కుమారులు. 1857లో భారత భూపరిశోధనశాఖయందు జేరిరి. కడప, కర్నూలు ప్రాంతముల శిలలను శోధించి 1872లో గ్రంథము ప్రకటించిరి. అచటి సున్నపురాళ్లు పూర్వసముద్రపు టడుగున బేరినవి. అట్టివి మన ఆలేరునకు దక్షిణమున, కృష్ణాతీరమందలి వాడపల్లి ప్రాంతమునను గలవు. ఆ కాలముననే వీరు యెల్లందుకడ సింగరేణి రాక్షసిబొగ్గును కనుగొనిరి. 1887 మొదలు 1894 వఱకు ఆ శాఖకు అధ్యక్షులై, 1900లో దివంగతులైరి.

వీరు శోధించిన యీ రెండింటికిని సంబంధము గలదు. బొగ్గు కాల్చగా బుట్టు బొగ్గుపులుసుగాలి సముద్రమున గలసి యామ్లతను హెచ్చించును. అందు గవ్వలకు సున్నము గూడుట కష్టమగును. సుమారు 5 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట సముద్రమున కిట్టి యవస్థయే కలుగగా, సముద్రపు టడుగు సున్నము కరగెను; మరల కుదుటపడుటకు లక్ష యేండ్లకు పైగా బట్టెను. యంత్రయుగారంభమునుండి యీ నాటికి సముద్రోపరితలమున ఆమ్లత నూటికి సుమారు 30 వంతులు హెచ్చినది. కింగుగారు చూపిన బొగ్గును మితముగా వాడుటయు, వారు చదివిన రాతిని చదువుటయు మన విధులు.