గాజు పెట్టెలో బుల్లి భూమి.. అయస్కాంత తుఫాను గుట్టు పట్టిన బిర్కెలాండ్! లోకం ఒప్పుకోడానికి 50 ఏళ్లు పట్టింది

2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రగా మెరిసింది. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన విద్యుత్ కణాల మేఘాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసిన రోజులవి. ఇలాంటి తుఫాను వచ్చినప్పుడు క్షేత్రం ఎక్కడ ఎంత మారుతుందో ఇప్పుడు కంప్యూటర్ నమూనాలు లెక్కగడుతున్నాయి. ఆ నమూనాల్లో కచ్చితంగా ఉండాల్సిన అంశం ఒకటుంది. దాని పేరు బిర్కెలాండ్ కరెంట్లు. ఇంతకీ ఎవరీ బిర్కెలాండ్? ఆయన చెప్పిన మాట నిజమని తేలడానికి ఎందుకంత ఆలస్యమైంది?

కొండ మీద చలికాలం

క్రిస్టియన్ బిర్కెలాండ్ 1867 డిసెంబర్ 13న నార్వే రాజధాని క్రిస్టియానియాలో పుట్టారు. ఇప్పటి ఓస్లో నగరమే అది. పారిస్‌లో పొయంకరే దగ్గర, జర్మనీలో హెర్ట్జ్ దగ్గర చదువుకున్నారు. 1898లో, 30 ఏళ్లకే క్రిస్టియానియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

అప్పటికి శాస్త్రలోకం ముందున్న చిక్కు ప్రశ్న ఒకటే. దిక్సూచి ముల్లు ఒక్కోసారి ఉన్నట్టుండి ఊగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఉత్తరాన ఆకాశంలో ధ్రువకాంతులు ఆడతాయి. రెండింటికీ సంబంధం ఏంటి? సూర్యుడు కారణం కాలేడని 1892లో లార్డ్ కెల్విన్ లెక్కలేసి మరీ తేల్చేశారు. కెల్విన్ అంతటివాడు చెప్పాక ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? అయినా 1896లో బిర్కెలాండ్ తన వాదన బయటపెట్టారు. సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్ల ధార వస్తోందని, భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని ధ్రువాల వైపు మళ్లిస్తోందని ఆయన నమ్మకం.

నమ్మకం ఉంటే సరిపోదు కదా, కొలతలు కావాలి. అందుకే 1899 చలికాలంలో నార్వే ఉత్తర కొసన సుమారు 900 మీటర్ల ఎత్తున్న హాల్డే కొండ మీద మకాం పెట్టారు. నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటి. మనిషిని పడగొట్టే గాలి. ఆ యాత్రలో మంచు చరియ విరిగిపడి బృందంలోని ఒక యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అయినా బిర్కెలాండ్ వెనక్కి తగ్గలేదు. 1902-03లో నార్వే, ఐస్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నొవాయా జెమ్ల్యాల్లో నాలుగు కేంద్రాలు పెట్టి ఒకేసారి కొలతలు తీయించారు. ఇతర దేశాల అబ్జర్వేటరీల రికార్డులు కూడా తెప్పించుకున్నారు.

ఫిరంగి పేలలేదు.. ఎరువు పుట్టింది

ఇన్ని యాత్రలకు డబ్బెక్కడిది? ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఖర్చుల కోసం బిర్కెలాండ్ విద్యుత్‌తో పనిచేసే ఫిరంగి తయారుచేసి పేటెంట్ తీసుకున్నారు. 1903 ఫిబ్రవరి 6న యూనివర్సిటీ హాల్లో పెద్దలందరి ముందు ప్రదర్శన పెట్టారు. మీట నొక్కగానే షార్ట్ సర్క్యూట్! కళ్లు చెదిరే మెరుపు, చెవులు చిల్లులు పడే శబ్దం. గుండు మాత్రం కదల్లేదు.

పరువు పోయిందనుకుంటే అదే కలిసొచ్చింది. వారం తిరక్కుండానే శామ్ ఐడే అనే ఇంజినీర్ పరిచయమయ్యారు. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఎరువు చేయాలన్నది ఐడే ఆలోచన. అందుకు మెరుపు లాంటి విద్యుత్ మంట కావాలి. ఫిరంగిని పాడుచేసింది అచ్చం అలాంటి మంటే. ఇద్దరూ కలిసి ఆ పద్ధతిని తయారు చేశారు. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. చేతికొచ్చిన సొమ్మును బిర్కెలాండ్ మళ్లీ ధ్రువకాంతుల మీదే పెట్టారు.

గాజు పెట్టెలో భూగోళం

ఆ డబ్బుతో సాగినదే ఆయన పేరు నిలబెట్టిన ప్రయోగం. గాలి తీసేసిన గాజు పెట్టె. అందులో ఇత్తడి గోళం. గోళం లోపల విద్యుదయస్కాంతం. దీన్ని టెరెల్లా అంటారు, అంటే బుల్లి భూమి. పక్క నుంచి ఎలక్ట్రాన్ల ధార వదిలి, అయస్కాంతం ఆన్ చేస్తే చాలు. గోళం రెండు ధ్రువాల చుట్టూ కాంతి వలయాలు మెరిసేవి. నిజమైన ధ్రువకాంతులు కూడా ధ్రువం నడినెత్తిన కాకుండా దాని చుట్టూ వలయంలా వస్తాయి. ఒక పెద్ద పెట్టె అయితే ఏకంగా 1,000 లీటర్లు పట్టేది. భూమి అయస్కాంత తుఫానుకు చేతితో కట్టిన నమూనా అది. దాన్ని చూసిన గణిత ప్రొఫెసర్ కార్ల్ స్టోర్మర్, కణాలు ఏ దారిన వెళ్తాయో కాగితం మీద లెక్కించే పనిలో ఏళ్ల తరబడి మునిగిపోయారు.

కొలతలు, ప్రయోగం కలిపి చూసి బిర్కెలాండ్ ఒక నిర్ణయానికొచ్చారు. తుఫాను సమయంలో భారీ విద్యుత్ ప్రవాహం అంతరిక్షం నుంచి అయస్కాంత రేఖల వెంట నిటారుగా కిందికి దిగుతుంది. ధ్రువకాంతుల ఎత్తులో అడ్డంగా కొంత దూరం పారుతుంది. మళ్లీ రేఖల వెంటే పైకి పోతుంది. ఆ ప్రవాహం లక్షల ఆంపియర్లలో ఉంటుందని కూడా అంచనా వేశారు. 1908, 1913లో రెండు భాగాలుగా వచ్చిన గ్రంథంలో ఇదంతా వివరంగా రాశారు.

రెండు నమూనాలు.. అంకెలు ఒక్కటే

కానీ ఆ వాదనలో ఒక లొసుగు ఉంది. ఎలక్ట్రాన్లన్నీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుని దారిలోనే చెదిరిపోతాయని విమర్శకులు పట్టుకున్నారు. అది సరైన ప్రశ్నే. సూర్యుడి నుంచి ధన, రుణ కణాలు రెండూ వస్తాయని బిర్కెలాండ్ చివరి రోజుల్లో సరిదిద్దుకున్నారు. అయితే ఆయన పోయాక బ్రిటన్‌కు చెందిన సిడ్నీ చాప్‌మన్ మాటే చెల్లింది. నిటారు ప్రవాహాలేమీ లేవని, కరెంటంతా పై వాతావరణంలోనే చుట్టూ తిరుగుతుందని చాప్‌మన్ నమూనా చెప్పేది. గణితం చక్కగా కుదిరింది, కొలతలకూ సరిపోయింది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నేల మీద నుంచి చూస్తే రెండు నమూనాలూ దాదాపు ఒకే అంకెలిస్తాయి. నిటారు ప్రవాహం ప్రభావాన్ని, అడ్డంగా పరుచుకునే మరో ప్రవాహం చాలావరకు కొట్టేస్తుంది. కాబట్టి కింద ఎన్ని పరికరాలు పెట్టినా ఎవరిది నిజమో తేలదు. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్‌వెన్ లాంటి కొద్దిమంది మాత్రమే బిర్కెలాండ్ పక్షాన నిలబడ్డారు.

టోక్యోలో చివరి రోజు

ఈ వాదన ఎటు తేలిందో చూసే అదృష్టం బిర్కెలాండ్‌కు దక్కలేదు. 1905లో చేసుకున్న పెళ్లి 1911లో విడాకులతో ముగిసింది. పగలూ రాత్రీ పనే కావడంతో నిద్ర దూరమైంది. వెరోనాల్ అనే నిద్రమందు అలవాటైంది. రాశిచక్ర కాంతి పరిశీలన కోసం ఈజిప్టు వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో అక్కడే ఉండిపోయారు. ఒంటరితనంతో పాటు ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం పెరిగింది. జపాన్ మీదుగా ఇంటికి చేరాలని బయల్దేరిన ఆయన 1917 జూన్ 15న టోక్యో హోటల్ గదిలో శవమై కనిపించారు. వెరోనాల్ మోతాదు మించిపోయింది. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లే.

ఉపగ్రహం తేల్చేసింది

1963లో అమెరికా నేవీ పంపిన ఒక ఉపగ్రహం ధ్రువకాంతుల ప్రాంతం మీదుగా వెళ్లిన ప్రతిసారీ అయస్కాంత కొలతల్లో తేడా నమోదు చేసింది. అది నిటారు ప్రవాహాల గుర్తేనని 1967లో శాస్త్రవేత్తలు వివరించారు. 1972లో వెళ్లిన ట్రయాడ్ ఉపగ్రహంతో ఆ ప్రవాహాల పటమే సిద్ధమైంది. నేల మీద తేలని పంచాయితీ అంతరిక్షంలో తేలిపోయింది.

నేడు తుఫాను సమయంలో క్షేత్రాన్ని లెక్కగట్టే సిగానెంకో నమూనాల్లో ఈ కరెంట్లకు ప్రత్యేక స్థానం ఉంది. ఇరిడియం ఫోన్ ఉపగ్రహాలే వీటిని నిత్యం కొలుస్తున్నాయి. 1989 మార్చిలో తుఫాను దెబ్బకు కెనడాలోని క్యుబెక్‌లో సుమారు 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో గడిపారు. అందుకే పవర్ గ్రిడ్లకు ఈ లెక్కలు అంత ముఖ్యం. నార్వే 1994లో తన 200 క్రోనర్ల నోటు మీద బిర్కెలాండ్ బొమ్మ వేసింది. పరిశోధన డబ్బు కోసం ఫిరంగి అమ్మబోయిన మనిషి చివరికి కరెన్సీ నోటు మీదికే ఎక్కారు.