పిల్లలే పాలకులు.. గురువులే సహచరులు

శాంతినికేతనంలో విశ్వకవి సాగించిన విద్యాయజ్ఞం

మదనపల్లె: బడి అంటే బెదిరి, నాలుగు పాఠశాలలు మారినా ఏ ఒక్కదానిలోనూ నిలువలేని బాలుడు పెద్దవాడై తానే ఒక గురుకులాన్ని నెలకొల్పాడు. బెత్తానికి అందులో చోటివ్వలేదు. క్రమశిక్షణ భారాన్ని పిల్లల భుజాలపైనే పెట్టాడు. ఆయనే విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్. సాహిత్యానికి నోబెల్ అందుకున్న కవిగా, జాతీయ గీత కర్తగా లోకమంతా ఆయనను ఎరుగును. నాలుగు దశాబ్దాల పాటు ఒక వసతి పాఠశాలను కంటికి రెప్పలా కాచిన ఉపాధ్యాయుడిగా ఎరిగినవారు తక్కువ.

అయిదుగురితో ఆరంభం

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జొరాసాంకో భవనంలో జన్మించారు. నాలుగు గోడల నడుమ సాగే చదువు ఆయనకు చెరసాలగా తోచింది. ఇంటివద్దనే విద్యాభ్యాసం సాగింది. తండ్రి మహర్షి దేవేంద్రనాథ్ బీర్భూమ్ జిల్లా బోల్పూర్ సమీపంలో ధ్యానం కోసం ఏర్పరచుకున్న ఆశ్రమమే శాంతినికేతనం. అక్కడ 1901 డిసెంబర్ 22న రవీంద్రులు బ్రహ్మచర్యాశ్రమం పేరిట పాఠశాలను ప్రారంభించారు. తొలి విద్యార్థులు అయిదుగురే. వారిలో ఒకరు ఆయన పెద్ద కుమారుడు రథీంద్రనాథ్. ఖర్చులకు ధనం చాలకపోతే భార్య మృణాళినీ దేవి తన నగలు తీసి ఇచ్చారు. పూరీలోని ఇంటిని సైతం కవి అమ్మివేశారు.

ఆ తరువాత వరుసగా విషాదాలు ముంచుకొచ్చాయి. 1902 నవంబర్‌లో మృణాళినీ దేవి మరణించారు. మరుసటి ఏడాది కుమార్తె రేణుక కన్నుమూసింది. 1904లో యువ అధ్యాపకుడు, కవి సతీశ్‌చంద్ర రాయ్ ఆశ్రమంలోనే మశూచికి బలయ్యారు. పాఠశాలను కొంతకాలం షిలైదహకు తరలించవలసి వచ్చింది. 1907లో చిన్న కుమారుడు శమీంద్రనాథ్ కలరాతో మరణించాడు. ఆ ఏడాది ఆరంభంలో తోటి విద్యార్థులను కూడగట్టి ఆశ్రమంలో రుతు ఉత్సవం జరిపించింది ఆ బాలుడే. ఇన్ని దెబ్బలు తగిలినా రవీంద్రులు బడిని మూయలేదు.

పిల్లల చేతికే పగ్గాలు

శాంతినికేతనంలో తెల్లవారక ముందే గంట మోగేది. స్నానం, ధ్యానం, ప్రార్థన ముగిశాక విద్యార్థులు తమ ఆసనాలు చేతబట్టుకుని మామిడి, సాల వృక్షాల నీడకు చేరేవారు. శారీరక దండన పూర్తిగా నిషిద్ధం. మరి అల్లరిని అదుపుచేసేదెవరు? ఆ బాధ్యతను రవీంద్రులు విద్యార్థులకే అప్పగించారు. వారు తమ నాయకులను తామే ఎన్నుకునేవారు. తప్పు చేసిన వారిని విచారించేందుకు విద్యార్థుల న్యాయసభ ఉండేది. ఆరోపణ వినడం, సంజాయిషీ అడగడం, తీర్పు చెప్పడం అన్నీ బాలుర పనే. ఉపాధ్యాయులు అందులో తలదూర్చేవారు కారు. అతిథులను ఆదరించడం, చేతిరాత పత్రికలు వెలువరించడం, సంతాల్ పల్లెల పిల్లలకు రాత్రి బడులు నడపడం వంటి పనులనూ విద్యార్థులే చేపట్టారు.

గురువుల విషయంలోనూ ఇదే నీతి. ప్రధానోపాధ్యాయుడి పెత్తనం లేకుండా, అధ్యాపకులే తమలో ఒకరిని ఏటా సర్వాధ్యక్షుడిగా ఎన్నుకునే పద్ధతి నెలకొంది. వ్యవస్థాపకుడైన కవి తన అధికారాన్ని తానే తగ్గించుకున్నారు.

జీతం తక్కువ.. సాధన ఎక్కువ

అక్కడి గురువులు విద్యార్థుల నడుమనే నివసించేవారు. జమీందారీ కచేరీలో పనిచేస్తున్న జగదానంద రాయ్‌లోని విజ్ఞానాభిరుచిని గుర్తించి రవీంద్రులు ఆయనను ఉపాధ్యాయునిగా చేశారు. కచేరీ నుంచే వచ్చిన హరిచరణ్ బంద్యోపాధ్యాయ కవి ప్రోత్సాహంతో బెంగాలీ మహానిఘంటువుకు పూనుకుని దశాబ్దాల పాటు శ్రమించారు. క్షితిమోహన్ సేన్, విధుశేఖర శాస్త్రి, చిత్రకారుడు నందలాల్ బోస్, ఆంగ్లేయులు పియర్సన్, ఆండ్రూస్ వంటివారు ఆ బృందంలో చేరారు. సాయంవేళ పాటలు, నాటకాలలో గురుశిష్యులు కలిసి పాల్గొనేవారు. 1908లో రచించిన శారదోత్సవ్ నాటకం విద్యార్థుల కోసం పుట్టిందే. నియమాల గోడల నడుమ ఊపిరాడని విద్యాలయాన్ని 1911 నాటి అచలాయతన్ నాటకంలో కవి ఎండగట్టారు.

తప్పని పరీక్షలు

ఆశ్రమం లోపాలకు అతీతం కాదు. తొలినాళ్లలో కులభేదం అక్కడా తొంగిచూసింది. బ్రాహ్మణేతర గురువుకు బ్రాహ్మణ విద్యార్థులు పాదాభివందనం చేయవచ్చునా అన్న వివాదం తలెత్తినప్పుడు రవీంద్రులు ఆచారం వైపే మొగ్గారు. భోజన పంక్తుల్లోనూ వేర్పాటు కొంతకాలం సాగింది. తరువాతి కాలంలో ఆయన ఆలోచన ఎంతో మారింది. 1911-12 ప్రాంతంలో ప్రభుత్వోద్యోగుల బిడ్డలకు ఈ బడి తగదంటూ తూర్పు బెంగాల్-అస్సాం ప్రభుత్వం రహస్య ఉత్తర్వు జారీ చేసింది. పలువురు తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు.

1915 మార్చి 10న మరో పరీక్ష ఎదురైంది. వంటవారిని, పనివారిని పక్కనపెట్టి విద్యార్థులు, గురువులే వంట, పారిశుధ్యం చేసుకోవాలని గాంధీజీ సూచించారు. అధ్యాపకులు సమ్మతిస్తే తనకు సంతోషమేనని రవీంద్రులు అంగీకరించారు. కూరలు తరగడం, పాత్రలు తోమడం, మరుగుదొడ్లు శుభ్రపరచడం అంతా వారిదే అయింది. కొందరు ఉత్సాహపడ్డారు, కొందరు విసిగిపోయారు. ప్రయోగం కొంతకాలానికే ఆగింది. అయినా మార్చి 10ని శాంతినికేతనంలో నేటికీ గాంధీ పుణ్యాహంగా పాటిస్తారు. ఆనాడు పనివారికి సెలవు. చీపుర్లు గురుశిష్యుల చేతికి వస్తాయి.

తెలుగు నేలతో అనుబంధం

1919లో దక్షిణాది పర్యటనలో అలసిన రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రాంతి తీసుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయనకు ఆతిథ్యమిచ్చారు. విద్యార్థుల నడుమ జనగణమన ఆలపించిన కవి, ఫిబ్రవరి 28న దానిని ఇక్కడే ఆంగ్లంలోకి అనువదించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ గీతానికి స్వరలిపి సమకూర్చారు. రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనంలో గడిపి, ఆ పరిమళాన్ని తెలుగు కవిత్వానికి తెచ్చారు. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి అక్కడే చదివి, ఠాగూర్ రచనలను తెలుగు చేశారు. అనంతరం ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు.

చివరి శ్వాస వరకు

1913లో దక్కిన నోబెల్ సొమ్మును కవి పతిసర్ రైతు బ్యాంకులో ఉంచి, వడ్డీని పాఠశాలకు మళ్లించారు. 1921లో విశ్వభారతి, మరుసటి ఏడాది శ్రీనికేతన్ ఏర్పడ్డాయి. వృద్ధాప్యంలోనూ నిధుల కోసం నాటక బృందంతో ఊరూరా తిరిగారు. 1936లో ఢిల్లీలో ఆ అవస్థ చూసి చలించిన గాంధీజీ రూ.60 వేలు సమకూర్చి, పర్యటనలు మానిపించారు. 1941 ఆగస్టు 7న రవీంద్రులు కన్నుమూశారు. విశ్వభారతి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో శాంతినికేతనానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. బాలుడిని నమ్మి బాధ్యత అప్పగిస్తే దానిని మోయగలడన్న ఆయన విశ్వాసం మాత్రం, ఏ గుర్తింపూ లేని రోజుల్లో, అయిదుగురు పిల్లల నడుమ చెట్టు నీడన మొలకెత్తినదే.