షరీఅత్ చట్టం వచ్చిన సభలో మన ప్రతినిధి ఉమర్ ఆలీషా

మౌల్వీ ఉమర్ ఆలీషా గారి పేరు చెబితే చాలామందికి పిఠాపురం, పద్యాలు, సూఫీ పీఠం గుర్తొస్తాయి. ఢిల్లీ కేంద్ర శాసనసభలో మన శ్రీకాకుళం, విజయనగరం ముస్లింలకు కూడా ఆయనే ప్రతినిధి అన్న సంగతి మాత్రం ఇక్కడ తక్కువమందికి తెలుసు. ఈ రోజు మనం వాదించుకునే షరీఅత్ చట్టం ఆ సభలోంచే వచ్చింది.

ఆయన 1885 ఫిబ్రవరి 28న పుట్టారు. పీఠం నడిపే ఇల్లు. అరబీ, ఫార్సీతో పాటు సంస్కృతం కూడా పట్టుగా నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను నేరుగా ఫార్సీ నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. నాటకాలు రాశారు, అవధానాలు చేశారు. పీఠానికి ఆరో అధిపతి అయ్యారు. ఆయన ముందు కూర్చున్న శిష్యుల్లో హిందువులు కూడా చాలామంది. ఒకే మనిషి అటు మౌల్వీ, ఇటు వేదాంతం చెప్పే గురువు. ఇది నచ్చినవాళ్లూ ఉంటారు, నచ్చనివాళ్లూ ఉంటారు. ఆయన మాత్రం రెండూ వదల్లేదు.

1934 చివర్లో జరిగిన ఎన్నికల్లో ఉత్తర మద్రాసు ముస్లిం స్థానం నుంచి గెలిచి, 1935లో సభలోకి వెళ్లారు. అప్పటికి మన రెండు జిల్లాలూ వేరుగా లేవు. చికాకోల్ అని పిలిచే శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. విజయనగరం ముందు నుంచీ విశాఖ జిల్లాలోనే ఉంది. ఆ సీటుకి ఓటేసేది ముస్లింలే. అది కూడా ఆస్తో, పన్నో ఉన్నవాళ్లే. బీదవాళ్లకి, ఆడవాళ్లలో ఎక్కువమందికి ఓటు లేదు.

అదే 1935లో పంజాబ్ సభ్యుడు హాఫిజ్ అబ్దుల్లా ఒక బిల్లు పెట్టారు. ముస్లింల పెళ్లి, తలాక్, మహర్, వారసత్వం అన్నీ ఊరి ఆచారం ప్రకారం కాకుండా షరీఅత్ ప్రకారం జరగాలన్నది దాని సారం. కారణం ఉంది. పంజాబ్‌లో ఆచారం పేరు చెప్పి కూతుళ్లకి భూమిలో వాటా ఇచ్చేవాళ్లు కాదు. అందుకే ఉలమాలే కాదు, ముస్లిం మహిళా సంఘాలు కూడా ఈ చట్టం కావాలన్నాయి. భూములున్న పెద్దలు వెనకాడారు. మన మద్రాసు రాష్ట్రంలోనే మలబారు మాప్పిళ్లల్లో ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చేది, వాళ్ల లెక్క వేరు. అంటే ముస్లింలందరిదీ ఒకే మాట అన్నది అప్పుడూ నిజం కాదు.

చివరికి జిన్నా చేయించిన మార్పులతో 1937లో చట్టం అయింది. దత్తత, వీలునామా విషయాలు ఎవరికి వారు ప్రకటన ఇస్తేనే షరీఅత్ కిందకి వస్తాయి. వ్యవసాయ భూమిని అసలు బయటే ఉంచారు. ఆ భూమిని మద్రాసు ప్రభుత్వం 1949లో సవరణ చేసి చట్టంలోకి తెచ్చింది. అది చూడ్డానికి ఆలీషా గారు లేరు.

రెండేళ్లకి 1939లో ఇంకో చట్టం. భర్త నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా, హింసించినా భార్య కోర్టుకెళ్లి విడాకులు తీసుకోవచ్చు. హనఫీ పద్ధతిలో ఇది చాలా కష్టంగా ఉండేది. తప్పించుకోవడానికి కొందరు ఆడవాళ్లు మతమే వదిలేస్తున్నారు. అప్పుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ పద్ధతి నుంచి దారి చూపించారు. ముస్లిం జడ్జే తీర్పు చెప్పాలని ఉలమాలు కోరారు, అది మాత్రం చట్టంలోకి రాలేదు.

ఈ రెండు చట్టాలూ వచ్చినప్పుడు ఆలీషా గారు ఆ సభలో సభ్యులు. 1945 జనవరి 23న చనిపోయేదాకా సభ్యులుగానే ఉన్నారు.

ఇప్పుడు ఉమ్మడి పౌరస్మృతి మాట వస్తే మన దగ్గర కూడా మూడు రకాలుగా మాట్లాడతారు. షరీఅత్ జోలికి ఎవరూ రాకూడదని కొందరు. మార్పు కావాలి గానీ మనలోంచే రావాలని కొందరు. చట్టం ఒక్కటైతే తప్పేంటని ఇంకొందరు. మూడు పక్షాల వాళ్లనీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తండ్రి 24 లక్షల ఇల్లు వదిలి పోయాడు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. అప్పులూ వీలునామా లేకపోతే భార్యకి ఎనిమిదో వంతు, 3 లక్షలు. మిగతా 21 లక్షల్లో కొడుక్కి 8 లక్షల 40 వేల చొప్పున, కూతురికి 4 లక్షల 20 వేలు. ఈ లెక్క మస్జిద్‌లో అందరికీ తెలుసు. రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చేసరికి చెల్లెలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తాం. కట్నం ఇచ్చాం కదా అంటాం.

1937లో చట్టం తెచ్చింది సరిగ్గా ఆ ఆచారాన్ని ఆపడానికే. షరీఅత్‌ని కాపాడాలని ఊరేగింపుకి వెళ్లే ముందు, చెల్లెలి వాటా ఇచ్చామా లేదా అన్నది ఇంట్లో చూసుకోవాలి.