గాజు పోగుకు నడక నేర్పిన నిషిజావా

సూరత్‌లో సాంచెల (మరమగ్గాల) మీద బతికే తెలుగు నేతకార్మికులకు పోగు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి వడోద్ ప్రాంతంలో పని దిగి గదికొచ్చిన మనిషి ఫోను తెరిచి ఊళ్లో ఉన్న అమ్మ ముఖం చూసుకుంటాడు. ఆ ముఖం అంత దూరం దాటి వచ్చేది వెంట్రుకంత సన్నని గాజు పోగుల్లోంచే. ఆ పోగుల మీద తొలినాళ్లలోనే మనసు పెట్టిన జపాన్ ఇంజనీరు జునిచి నిషిజావా 2018 అక్టోబర్ 21న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన దగ్గర ఆయన పేరు ఎరిగినవాళ్లు చాలా తక్కువ. ఆ బాధతోనే ఈ నాలుగు మాటలు.

సెండాయ్‌లో పుట్టి, అక్కడి తొహోకు విశ్వవిద్యాలయంలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1990లో దానికే అధ్యక్షుడయ్యారు. కాంతితో కబురు పంపాలంటే వెలుగునిచ్చేది ఒకటి, మోసేది ఒకటి, అందుకునేది ఒకటి కావాలి. మూడింటి మీదా ఆయన చెయ్యి పడింది.

నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచేది 1964 నాటి ఆలోచన. గాజు పోగులో కిరణాలన్నీ ఒకే దారిన పోవు. కొన్ని నడిమధ్య నుంచి తిన్నగా పోతాయి, కొన్ని అంచుల దాకా వెళ్లి వంకర్లు తిరుగుతూ వస్తాయి. చుట్టుదారి పట్టినవి వెనకబడతాయి. దాంతో ఇటు పంపిన మిణుకు అటు చేరేసరికి సాగిపోయి, వెనకాల వచ్చేదానితో కలగలిసిపోతుంది. పోగు నడుమ వక్రీభవన గుణకం ఎక్కువగా, అంచుకు పోయేకొద్దీ తక్కువగా ఉండేట్టు చేద్దామన్నారు నిషిజావా. గుణకం తగ్గిన చోట కాంతి వేగం పెరుగుతుంది. ఎక్కువ దూరం తిరిగిన కిరణం పరుగందుకుని, తిన్నగా వచ్చినదానితో పాటే గమ్యం చేరుతుంది. ఇదే గ్రేడెడ్ ఇండెక్స్ ఫైబర్. దూరపు కేబుళ్లలో ఇప్పుడు కాంతికి ఒకే దారి ఉండే పోగు వాడుతున్నారు గానీ, భవనాల్లో, డేటా సెంటర్లలో ఈ తరహా పోగు నేటికీ పనిచేస్తోంది.

ఆ ఆలోచనకు స్వదేశంలో ఆయనకు పేటెంటు దక్కలేదు. 1966లో చార్లెస్ కావ్, గాజులో మలినాలు తీసేస్తే కాంతి చాలా దూరం పోతుందని చెప్పారు. ఆ పనికే ఆయన 2009లో నోబెల్ అందుకున్నారు. కావ్ గొప్పతనాన్ని ఇసుమంత కూడా తగ్గించను. అయినా ఆ గౌరవంలో నిషిజావాకూ వాటా ఉండాల్సిందని గట్టిగా నమ్ముతాను. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ మాత్రం నిషిజావా బతికుండగానే ఆయన పేరిట ఒక పతకం నెలకొల్పింది.

కావ్ పోయింది 2018 సెప్టెంబర్ 23న. నెల తిరగకుండానే నిషిజావా కూడా వెళ్లిపోయారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైబర్ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక్క మనవి: బోర్డు మీద కావ్ పేరు రాసినప్పుడు, పక్కనే నిషిజావా పేరు కూడా రాయండి.