న్యాయమూర్తి కోకా సుబ్బారావు: ఓడియు నిలిచిన తీర్పు

న్యాయస్థానములో ఎక్కువమంది న్యాయమూర్తుల అభిప్రాయమే తీర్పగును. తక్కువమంది అభిప్రాయము తీర్పు వెంట అచ్చుపడి గ్రంథాలయములలో మిగిలిపోవును. అట్లు మిగిలిపోయిన ఒక అభిప్రాయము అర్ధశతాబ్దము గడచిన పిమ్మట దేశమంతటికి శిరోధార్యమైనది. దానిని వ్రాసినవారు తెలుగువారగుట మనకు గర్వకారణము. ఆయనే జస్టిస్ కోకా సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమహేంద్రవరములో జన్మించినారు. మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, అచ్చటనే న్యాయవాదిగా పేరు గడించి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయినారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడగా దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు హైకోర్టు హైదరాబాదులో మూసీ ఒడ్డునగల భవనమునకు వచ్చినది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దాని పరిధిలో చేరినవి. ఆ విధముగా మన పానగల్ వారికిని ఆయన ప్రధాన న్యాయమూర్తి అయినారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లినారు.

అచ్చట 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యము వచ్చినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈ వ్యక్తిని దోపిడీ కేసులో సాక్ష్యము లేక విడిచిపెట్టినారు. అయినను పోలీసులు హిస్టరీ షీటు తెరచి, అర్ధరాత్రి వేళ తలుపు తట్టి లేపుచుండిరి. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి సోదాలు తగవని చెప్పి, మిగిలిన నిఘాను ఆమోదించినారు. సుబ్బారావుగారు, జస్టిస్ షా మాత్రము ఆ నిఘా నిబంధనలన్నియు చెల్లవన్నారు. మనిషి ఏకాంతము అతని స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావుగారి వాదము. నాడు అది ఓడినది.

1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. మరుసటి ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు వెలువడినది. ప్రాథమిక హక్కులను హరించుటకు పార్లమెంటుకు అధికారము లేదని పదకొండుగురిలో ఆరుగురు నిర్ణయించినారు. ఆ వ్యాజ్యము భూపరిమితి చట్టమునకు సంబంధించినది. భూమి కొరకు 1946 నుండి 1951 వరకు పోరాడిన నల్లగొండ గడ్డ నుండి చూచిన, ఇట్టి తీర్పు భూస్వాములకు అండయగునను భయము సహజమే. ఆ విమర్శ దేశమంతట వినవచ్చినది. కాని తీర్పు ఇకముందునకే వర్తించునని విధించినందున పాత భూసంస్కరణలు నిలిచినవి. గోలక్‌నాథ్ కుటుంబమునకు భూమి దక్కలేదు. మన ఛాయా సోమేశ్వరాలయములో సూర్యుడెటు తిరిగినను గర్భాలయములోని నీడ కదలదు. ప్రభుత్వములు మారినను హక్కులట్లే కదలరాదని సుబ్బారావుగారి ఆశయము. మన కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఆధారమైన 30వ అధికరణము కూడ ఆ హక్కులలోనిదే.

1967 ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచి, హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుసేన్ గారి చేతిలో ఓడినారు. న్యాయపీఠము నుండి నేరుగా ఎన్నికల బరిలో దిగుట తగదని పలువురు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అత్యయిక పరిస్థితి కొనసాగుచుండగా 1976 మే 6న ఆయన కన్నుమూసినారు.

ఆయన గెలిచిన గోలక్‌నాథ్ తీర్పును 1973లో కేశవానంద భారతి వ్యాజ్యములో పదమూడుగురి ధర్మాసనము త్రోసిపుచ్చినది. అయితే రాజ్యాంగ మౌలిక స్వరూపమును మాత్రము పార్లమెంటు మార్చజాలదన్నది. ఆయన ఓడిన ఖరక్ సింగ్ అభిప్రాయమో, 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ ఆమోదము పొందినది. ఏకాంతము ప్రాథమిక హక్కయినది.

విద్యార్థులారా! సంఖ్యలో తక్కువ యగుట తప్పు కాదు. చెప్పవలసిన మాటను హేతువుతో, మర్యాదతో చెప్పి, వ్రాసి ఉంచుడు. కాలము దానిని తప్పక చదువును.