కుందేలు పోయె... ఎలుక వచ్చె!

మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆదివారం దూరదర్శన్‌లో కార్టూన్ వచ్చే వేళకి తమ్ముడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు, బొమ్మ వచ్చిందో పోయిందో నేను కింద నుంచి అరిచి చెప్పేవాణ్ణి. కాబట్టి మిక్కీ మౌస్‌ది ఎర్ర నిక్కరని నాకు చాలా ఏళ్ళు తెలియదు! తీరా చూస్తే, మిక్కీ పుట్టింది కూడా నలుపు తెలుపుల్లోనేనట. ఆ పుట్టుక వెనక పెద్ద ఎదురుదెబ్బ ఉందని మాత్రం కిందటేడే తెలిసింది.

అప్పుడు నేనూ ఒక దెబ్బ తిని ఉన్నాను. మా కంపెనీలో నేను ఐదేళ్ళు కట్టుకొచ్చిన ప్రాజెక్టుని వేరే టీమ్‌కి అప్పగించి, మా వాళ్ళలో చాలామందిని అటు మార్చేశారు. నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. కోడ్ కంపెనీదేనని చేరిన రోజునే సంతకం పెట్టాను కదా, అడగడానికి నోరు లేదు. ఇంట్లో కూర్చోలేక ఆ శనివారం మా అమ్మాయిని తీసుకుని మా డబ్లిన్ స్టేషన్‌లో బార్ట్ ఎక్కాను. శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో దగ్గర వాల్ట్ డిస్నీ ఫ్యామిలీ మ్యూజియం ఉంది. డిస్నీ కూతురు డయాన్ పూనుకుని 2009లో తెరిపించారు. డిస్నీలాండ్ అనుకుని వచ్చిన మా అమ్మాయి రైడ్లు లేవని తెలిసి మూతి ముడుచుకుంది. నేను మాత్రం ఆ గోడల మీద ఒక మనిషి కథలో మునిగిపోయాను.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న షికాగోలో పుట్టాడు. కొన్నాళ్ళు మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ దగ్గర పొలంలో పెరిగాడు. 1911లో కుటుంబం కాన్సాస్ సిటీకి మారాక తండ్రి పేపర్లు వేసే రూట్ ఒకటి కొన్నాడు. పిల్లవాడు తెల్లవారకముందే లేచి, మంచులో ఇంటింటికీ తిరిగి ఆరేళ్ళు పేపర్లు వేశాడు. జీతం, భత్యం ఏమీ లేవు! అంత కష్టంలోనూ స్నేహితుడితో స్టేజీ ఎక్కి చాప్లిన్‌ని అనుకరించేవాడు. చాప్లిన్ 1915లో 'ది ట్రాంప్' తీసింది మనకి దగ్గర్లోనే, ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉన్న నైల్స్‌లో. పడటం, లేవడం, దులుపుకుని నడిచిపోవడం అనే ఆ చిన్న మనిషి నడవడికే తర్వాత ఎలుకకి వచ్చింది.

1919లో వాల్ట్‌కి ఒక కమర్షియల్ ఆర్ట్ ఆఫీసులో ఉబ్ ఐవర్క్స్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. ఉబ్‌ది నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. వాల్ట్ 1922లో పెట్టిన మొదటి కార్టూన్ కంపెనీ మరుసటేడే దివాలా తీసింది. జేబులో 40 డాలర్లతో హాలీవుడ్ చేరి, అన్న రాయ్‌తో కలిసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఉబ్ కూడా వచ్చి చేరాడు.

1927లో వాళ్ళ ఓస్వాల్డ్ అనే కుందేలు జనాన్ని తెగ నవ్వించింది. ఆ రోజుల బొమ్మలకి ఎముకలుండవు. చేతులు రబ్బరు గొట్టాల్లా సాగుతాయి. అణిగి అప్పచ్చి అయినా మరుక్షణం లేచి నిలబడతాయి. కుందేలు కాలు అదృష్టమని అమెరికన్ల నమ్మకం కదా, ఓస్వాల్డ్ తన కాలే ఊడదీసి ఒంటికి రుద్దుకుంటాడు! తెల్ల కాగితం మీద నల్లటి ఒళ్ళు, ఎంత దూరం నుంచైనా ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. మాటలక్కర్లేదు, భాష రాకపోయినా నవ్వొస్తుంది.

1928 మొదట్లో వాల్ట్ రేటు పెంచమని అడగడానికి న్యూయార్క్ వెళ్ళాడు. డిస్ట్రిబ్యూటర్ చార్లెస్ మింట్జ్ పెంచకపోగా తగ్గిస్తానన్నాడు. వాల్ట్ దగ్గర పనిచేసే ఆర్టిస్టుల్లో చాలామందిని అప్పటికే తన వైపు తిప్పుకున్నాడు. కుందేలు మీద హక్కులేమో యూనివర్సల్‌వి! అన్నీ పోయాయి. సంతకం పెట్టకుండా వాల్ట్‌తో నిలబడినవాడు ఉబ్.

తిరుగు ప్రయాణంలో రైల్లోనే ఎలుక ఆలోచన వచ్చిందని వాల్ట్ తర్వాత చెప్పుకునేవాడు. మోర్టిమర్ అన్న పేరు భార్య లిలియన్‌కి నచ్చక మిక్కీ అయిందంటారు. దానికి రూపం ఇచ్చింది మాత్రం ఉబ్. వెళ్ళిపోబోయే ఆర్టిస్టులు ఇంకా అదే స్టూడియోలో ఉన్నారు, అందుకని చాటుగా గీశాడు. రోజుకి 700 బొమ్మల దాకా గీశాడని చెబుతారు. అలా తయారైన రెండు మూకీలనీ ఎవరూ కొనలేదు. మూడోది 'స్టీమ్‌బోట్ విల్లీ'కి శబ్దం కలపాలనుకున్నారు. మన ఇంజనీర్లకి నచ్చే సంగతి ఇదే: సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి, మెట్రోనోమ్ పెట్టుకుని ఒక్కో తాళానికి ఎన్ని ఫ్రేములో ముందే లెక్క కట్టి బొమ్మలు గీశారు. మొదటి రికార్డింగ్ చెడిపోతే రెండోదానికి డబ్బు కోసం వాల్ట్ కారు అమ్మేశాడు. 1928 నవంబర్ 18న న్యూయార్క్ కాలనీ థియేటర్లో బొమ్మ పడింది. ఆ తర్వాత కథ మనకి తెలిసిందే.

అయితే కథ అక్కడే ఆపితే సగమే చెప్పినట్టు. 1930లో ఉబ్ సొంత స్టూడియో కోసం వెళ్ళిపోయాడు, పదేళ్ళకి తిరిగొచ్చాడు. 1941లో డిస్నీ స్టూడియో ఆర్టిస్టులే సమ్మె చేశారు. వాళ్ళ ఫిర్యాదుల్లో జీతాలతో పాటు తెర మీద పేరు లేకపోవడమూ ఉంది. ఒకప్పుడు న్యూయార్క్‌లో దగాపడ్డవాడే ఇప్పుడు యజమాని కుర్చీలో ఉన్నాడు. 1966 డిసెంబర్ 15న పోయేనాటికి ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు, ఉబ్ పేరు ఎందరికి తెలుసు? ఓస్వాల్డ్ మాత్రం 2006లో డిస్నీ కంపెనీకి తిరిగొచ్చింది, ఒక స్పోర్ట్స్ వ్యాఖ్యాతకి బదులుగా! తొలి మిక్కీ 2024 జనవరి 1 నుంచి ఇక్కడ అందరి సొత్తయ్యాడు.

మ్యూజియంలో ఒక గోడ నిండా 'స్టీమ్‌బోట్ విల్లీ' ఫ్రేములు పరిచారు. మూడొందల పైచిలుకు. లెక్క వేస్తే 15 సెకన్లు కూడా నిండవు. పక్కన మిక్కీ ఆవు పళ్ళ మీద జలతరంగం వాయిస్తుంటే, రంగుల్లేవని సణిగిన మా అమ్మాయి కింద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. టైటిల్ కార్డు మీద వాల్ట్ పేరు పెద్దగా ఉంది, కింద ఉబ్ పేరూ ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. ఐదేళ్ళుగా నా ప్రాజెక్టు, నా ప్రాజెక్టు అని చెప్పుకున్నాను. రాత్రిళ్ళు కూర్చుని దాదాపు సగం కోడ్ రాసింది మా పక్క సీటు కుర్రాడు. ఒక్క డెమోలో కూడా అతని పేరు వేయలేదు.

సోమవారం లంచ్‌కి అతన్ని పిలిచి ఆ మాటే ఒప్పుకున్నాను. పోయిన ప్రాజెక్టు తిరిగి రాలేదు లెండి. కొత్తది ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. మొదటి స్లైడ్ మీద రెండు పేర్లున్నాయి, అతనిదే ముందు.