వాపులోనే క్యాన్సర్‌ను గుర్తించిన విర్కో

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు కణసిద్ధాంతం చదివిన విద్యార్థులకు తెలిసిందే. 1821లో జన్మించిన ఆయన, 1848లో సైలీషియా విషజ్వరాలకు పేదరికమే మూలమని నివేదిక రాసి పాలకులకు కంట్లో నలుసయ్యారు. మరుసటి ఏడే బెర్లిన్ వదలవలసి వచ్చింది. 1856లో తిరిగి వచ్చారు.

1863లో కంతులలో తెల్లకణాలను గమనించి, మానని వాపు ఉన్నచోటే క్యాన్సర్ పుడుతుందని భావించారు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. 1902లో ట్రాము దిగుతూ పడి తొడ ఎముక విరిగి, అదే ఏడు మరణించారు.

జన్యువుల సంగతి ఆయన ఎరుగరు. పి-53 జన్యువు క్యాన్సర్‌ను అణచేదని 1989లో తేలింది. వాపునూ అదే అదుపు చేస్తుంది. ఏళ్ల తరబడి పెద్దపేగు పూతతో బాధపడి క్యాన్సర్ బారిన పడేవారిలో తరచు ఈ జన్యువే ముందుగా చెడుతుంది. కాపలా పోయాక వాపు తగ్గదు, కంతి పెరుగుతుంది. అందుకే అటువంటి రోగులకు వైద్యులు కొన్నేళ్లకోసారి పేగులోకి గొట్టం పంపి పరీక్షిస్తున్నారు.